ఎమ్మెల్యేకో ఎంపీకో లెటర్ రాస్తే "సంబంధిత శాఖకు పంపడమైనది" తప్ప ఇంకేం రావట్లేదా, అయితే ఇట్లా రాసి చూడండి

మన తిరుపతి, చిత్తూరు వైపు చాలామంది దగ్గర వింటున్న మాటే ఇది. మామిడి ధర గురించో, రైలు గురించో, బడి గురించో కూర్చుని ఆలోచించి మూడు పేజీలు రాస్తారు, ఆఫీసుకి పోయి ఇస్తారు, పీఏ తీసుకుని ఫైల్లో పెట్టుకుంటాడు, ఎన్నాళ్ళకో ఒక్క లైను జవాబు వస్తుంది, లేదంటే అదీ రాదు. చదివినారా లేదా అని కూడా తెలీదు. ఆ కోపం న్యాయమైందే. పింఛను, పట్టా లాంటివయితే సోమవారం కలెక్టరేట్లో పీజీఆర్ఎస్‌కి (ప్రజా సమస్యల పరిష్కార వేదికకి) పోయి అర్జీ ఇస్తే ఒక నంబరన్నా చేతికి వస్తుంది, ప్రభుత్వ విధానం మార్చమని అడిగేవాడికి ఆ నంబరు కూడా లేదు.

నాకు అర్థమైంది ఏంటంటే, మన లెటర్లో ఉన్నదాన్ని ఇంకో ఆఫీసుకి తోసేసే వీలుంటే తప్పకుండా తోసేస్తారు. సభలో సభ్యుడు మాత్రమే చేయగలిగిన పని, అంటే మంత్రిని ప్రశ్న అడగడం లాంటిది, చేయమని అడిగితే తోసేయడానికి ఇంకో చోటు ఉండదు. లెటర్ మొత్తం ఆ పని చుట్టూ రాయాలి.

ముందు మీరు ఎవరి ఓటరో చూసుకోండి, ఇక్కడే చాలా లెటర్లు దారి తప్పిపోతున్నాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా వేరే అయింది గానీ నియోజకవర్గాలు మాత్రం పాతవే. తిరుచానూరులో ఉండే వాళ్ళు తిరుపతి ఎమ్మెల్యేకి రాస్తారు, కానీ తిరుపతి రూరల్ మండలం చంద్రగిరి నియోజకవర్గంలో ఉంది, చంద్రగిరేమో తిరుపతి జిల్లాలో ఉన్నా పార్లమెంటుకొచ్చేసరికి చిత్తూరు ఎంపీ కిందికి వస్తుంది. రేణిగుంట శ్రీకాళహస్తి ఎమ్మెల్యే కిందికి వస్తుంది. పుంగనూరు వాళ్ళకి ఎంపీ రాజంపేట ఆయన. ఓటర్ కార్డు నంబరు లెటర్లో పైనే రాయండి, "మా నియోజకవర్గం కాదు" అనే మాట రాకుండా ఉంటుంది. ఇంకోటి, డిగ్రీ చదివి గ్రాడ్యుయేట్ ఓటు నమోదు చేసుకున్నవాళ్ళకి తూర్పు రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ కూడా ఉన్నారు, ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు కలిపిన సీటు అది. ఈయన్ని మనవాళ్ళు పూర్తిగా మర్చిపోతారు. మీ ఎమ్మెల్యే మంత్రి అయితే సభలో ప్రశ్న అడగరు, జవాబు చెప్పేవాళ్ళలో ఉంటారు కాబట్టి, అప్పుడు ఈ ఎమ్మెల్సీనే దారి. కుప్పం వాళ్ళకయితే ఎమ్మెల్యేనే ముఖ్యమంత్రి, వాళ్ళకీ ఇదే మాట.

తర్వాత సబ్జెక్ట్ ఎవరిదో చూడాలి. రైల్వే, నేషనల్ హైవే అయితే కేంద్రం, అంటే ఎంపీ. పోలీసు, వ్యవసాయం, ప్రభుత్వ ఆస్పత్రులు రాష్ట్రం, అంటే ఎమ్మెల్యే. చదువు 1976 నుంచి ఇద్దరిదీ. ఇది వినడానికి ఈజీగా ఉంటుంది గానీ నిజంగా మన సమస్యలు ఇట్లా విడివిడిగా ఉండవు, మన తోతాపురి మామిడినే తీసుకోండి.

ధర పడిపోయిన ప్రతిసారీ "మామిడికి మద్దతు ధర ఇప్పించండి" అని ఎంపీకి రాస్తారు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో మామిడి లేనే లేదు, కాబట్టి ఆ లెటర్‌కి "పరిశీలిస్తాం" తప్ప ఇంకో జవాబు రాదు. పాడైపోయే పంటలకి ఉండేది మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీం, అంటే ధర పడినప్పుడు ప్రభుత్వం కలగజేసుకుని రైతుని ఆదుకునే పథకం. మామూలు ఏడాది ధర కంటే కనీసం 10 శాతం పడినప్పుడు రాష్ట్రం అడిగితేనే కేంద్రం ముందుకొస్తుంది, మన రాష్ట్రానికయితే భారం చెరి సగం. అంటే మొదట కదలాల్సింది రాష్ట్రం, ప్రతిపాదన అక్కడినుంచి పోవాలి. 2025 సీజన్లో కిలోకి 12 రూపాయలు అన్నారు, అందులో 8 గుజ్జు ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం. దామలచెరువు దగ్గర ట్రాక్టర్లు వరసగా నిలబడిపోయి కాయ మెత్తబడిపోతుంటే ఏ ప్రతిపాదన ఎప్పుడు పోయిందో రైతుకి ఎవరు చెప్తారు? అందుకే "న్యాయం చేయండి" అని రాయకుండా, ఎమ్మెల్యేకయితే "ధర పడిన వారంలోపే కేంద్రానికి ప్రతిపాదన పంపేలా వ్యవసాయ శాఖ ముందే ఏం సిద్ధం చేసిందో సభలో మంత్రిని ప్రశ్న అడగండి" అని, ఎంపీకయితే "రాష్ట్రం నుంచి ప్రతిపాదన ఏ తేదీన అందింది, ఏ తేదీన ఆమోదించారు, డబ్బు ఏ తేదీన విడుదల చేశారు" అని కేంద్ర మంత్రిని అడగమని రాయండి. తేదీలు అడిగితే జవాబులో తేదీలే చెప్పాలి.

టైం కూడా చూసుకోవాలండీ. తోతాపురి కాయ జూన్, జూలైలో వస్తుంది, పార్లమెంట్ వర్షాకాల సమావేశాలు మామూలుగా జూలై మూడో వారంలో మొదలవుతాయి, లోక్‌సభ ప్రశ్నకి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కాయ రోడ్డు మీద ఉన్నప్పుడు రాస్తే సభలో జవాబు వచ్చేసరికి సీజన్ అయిపోతుంది. మామిడి గురించి రాయాల్సింది జనవరిలో, రాష్ట్ర బడ్జెట్ సమావేశాలకి ముందు. అప్పుడు ఎవరికీ మామిడి గుర్తుండదు, మనకి గుర్తుండాలి.

లెటర్ ఒక్క పేజీ దాటకూడదు. ఒక్క విషయమే ఉండాలి, అందులోనే రోడ్డు సంగతి, కరెంటు సంగతి కలపొద్దు, కలిపితే వాళ్ళకి సులువుగా ఉన్నదానికి మాత్రం జవాబిచ్చి వదిలేస్తారు. పార్టీని తిట్టడం, ఎన్నికల హామీలన్నీ ఏకరువు పెట్టడం కూడా వద్దు, కోపం ఎంత ఉన్నా సరే. నమూనా కావాలంటే ఇది తీసుకోండి:

"గౌరవనీయులైన ఎమ్మెల్యే గారికి, నేను మీ నియోజకవర్గ ఓటరును, పాకాల మండలంలో తోతాపురి రైతును. పోయిన సీజన్లో నేను అమ్మిన కాయకి కిలోకి ఇంత వచ్చింది, రసీదు జత చేశాను. వచ్చే సమావేశాల్లో వ్యవసాయ మంత్రి గారిని ఈ ప్రశ్న అడగాలని కోరుతున్నాను. (ఇక్కడ ప్రశ్న, రెండు మూడు లైన్లలో.) మీరు అడుగుతారో లేదో, అడగలేకపోతే కారణం ఏమిటో ఈ తేదీలోపు తెలియజేయగలరు."

ఆ చివరి లైను తీసేయొద్దు, మర్యాదగానే ఉంది, కానీ అవునా కాదా అని చెప్పక తప్పదు.

చేత్తో ఇస్తే రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేదంటారు, సార్ క్యాంపులో ఉన్నారంటారు, అప్పుడు స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులోనే కలిపేశారు కాబట్టి దానికోసం అడగక్కర్లేదు. ఎంపీల ఈమెయిల్ పార్లమెంట్ సైట్లోనే ఉంటుంది, మీ ఎంపీ ఇప్పటిదాకా అడిగిన ప్రశ్నలు కూడా అక్కడే దొరుకుతాయి, రాసేముందు ఒకసారి చూడండి, అడిగిందే మళ్ళీ అడగమంటే పక్కన పెట్టేస్తారు.

ప్రశ్న అడగం అంటే రెండో మెట్టు ఉంది. కేంద్ర మంత్రికి తన లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాయమని ఎంపీని అడగండి. ఎంపీ ఉత్తరం అందిందని 15 రోజుల్లో చెప్పి, ఇంకో 15 రోజుల్లో జవాబు ఇవ్వాలని కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకి నిబంధన ఉంది. ఆ ఉత్తరం కాపీ మీరు తీసుకోండి, నిజంగా రాశారో లేదో అప్పుడే తెలుస్తుంది.

ఇక "సంబంధిత శాఖకు పంపడమైనది" అని వచ్చిందనుకోండి, దాన్ని చించేయకండి. అందులో తేదీ, లేఖ నంబరు ఉంటాయి. ఆ నంబరు పెట్టి ఆ శాఖకే ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేయండి, ఈ లేఖ మీద ఏం చర్య తీసుకున్నారు, ఫైలు నోట్ కాపీ ఇవ్వండి అని. కేంద్ర శాఖ అయితే ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. ఫైలే మొదలవ్వలేదని జవాబొస్తే దాన్ని జత చేసి మళ్ళీ ఆ సభ్యుడికే రాయండి, ఈసారి ఊర్లో ఇంకో పదిమంది రైతులు విడివిడిగా, ఎవరి అనుభవం వాళ్ళు రాయాలి. ఒకే కాయితం జిరాక్స్ తీసి సంతకాలు పెట్టి పంపితే అది ఒక్క లెటరు కిందే లెక్క.

ఇవన్నీ అయ్యాక కూడా కదలకపోతే లోక్‌సభ పిటిషన్ల కమిటీ ఉంది. ప్రజలకి సంబంధించిన విషయం మీద ఎవరైనా పిటిషన్ రాయొచ్చు, తెలుగులో రాస్తే హిందీ లేదా ఇంగ్లీషు అనువాదం జత చేయాలి, సభలో పెట్టాలంటే మాత్రం ఒక ఎంపీ కౌంటర్ సంతకం కావాలి. మన ఎంపీనే పెట్టాలని లేదు, ఒకాయన కాదంటే పక్క నియోజకవర్గం ఎంపీ దగ్గరికి పోండి.