శాండ్ డాలర్ పద్ధతిలో ప్లైవుడ్ మంటపం

కప్పుకు పువ్వు ఆకారం ఇస్తే బయోమిమిక్రీ, అంటే ప్రకృతిని చూసి నేర్చుకుని కట్టడం, అయిపోదు. ప్రకృతి నుంచి తీసుకోవాల్సింది బరువు మోసే పద్ధతి. శాండ్ డాలర్ అనే సముద్రజీవి పెంకులో ఏ మూల చూసినా మూడు పలకలే కలుస్తాయి, అంచులు పళ్లలా ఒకదాన్లో ఒకటి దిగి ఉంటాయి. అందుకే పలకలను వంచే భారం పెద్దగా పడదు. 2011లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ విశ్వవిద్యాలయం ఈ పద్ధతితోనే 6.5 మి.మీ. ప్లైవుడ్ మంటపం నిలబెట్టింది. అక్కడ పళ్లు కోసింది రోబో. మన వడ్రంగి షాపులో అది కుదరదు కాబట్టి పళ్లకు బదులు అతుకుల లోపలివైపు చెక్క పట్టీలు వేయాలి.

మనం కట్టే గుండ్రటి మంటపానికి 6 మీటర్ల వ్యాసం, 2.7 మీటర్ల ఎత్తు చాలు. ముందు అట్టతో 1:20 నమూనా చేసి చేత్తో నొక్కండి. నాలుగు పలకలు కలిసిన చోటు ఉంటే అక్కడే ఊగుతుంది. ఆరు భుజాల పలకలతోనే గుండ్రం మూసుకోదు, మధ్యమధ్య అయిదు భుజాలవి పడాలి.

ప్లైవుడ్ 12 మి.మీ., ఐఎస్ 710 (నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం) ముద్ర ఉన్నది తీసుకోండి. పలక వెడల్పు 80 సెం.మీ. దాటితే 8×4 అడుగుల షీటులో మూడు పట్టవు, రెండే వస్తాయి. వృథా కలిపి సుమారు 30 షీట్లు. పక్కపక్క పలకల మధ్య వంపు దాదాపు 15 డిగ్రీలు, కనుక రంపం బ్లేడు 7.5 డిగ్రీలు వంచి అంచు కోయాలి. కోసిన వెంటనే నంబరు వేయండి. కింది వరుసలో సుమారు 24 పలకలుంటాయి. అతుకుకు 1 మి.మీ. తేడా వచ్చినా చివర 2.4 సెం.మీ. ఖాళీ తేలుతుంది, సుత్తితో కొట్టి సరిచేస్తే పక్క అతుకులు విడిపోతాయి. అందుకే వరుస మొత్తం జిగురు లేకుండా అమర్చి చూశాకే ఎపాక్సీ జిగురు, స్క్రూలు.

ద్వారాల అంచు పలకలకు మూడో తోడు ఉండదు, వంగేది అక్కడే. చుట్టూ గట్టి దూలం కట్టాలి.

అసలు గండం గాలి. కప్పు అర టన్నే తూగుతుంది, గాలి దాన్ని పైకి ఎత్తేస్తుంది. విశాఖలో భవన నిర్మాణ కోడ్ ప్రకారం లెక్కకు తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి. మంటపం కప్పే 28 చదరపు మీటర్లకు నాలుగు టన్నుల పైమాటే. అందుకే మంటపం చుట్టూ పునాదిగా వేసే 40×40 సెం.మీ. కాంక్రీటు వలయం ఏడు టన్నులు తూగుతుంది, కప్పును దానికి బోల్టులతో బిగించాలి. ద్వారాలు తెరిచి ఉంటే ఎత్తే బలం ఇంకా పెరుగుతుంది, ఆ లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరుతో చేయించుకోండి. హైదరాబాద్‌లో 44 మీటర్లే అయినా వలయం మానకండి.

కింది పలక నేలకు 30 సెం.మీ. పైన ఉండాలి, లేకపోతే చెదలు ఎక్కుతాయి. నీళ్లు దిగేది పలక ముఖం నుంచి కాదు, కోసిన అంచు నుంచి. అక్కడ ఎపాక్సీ రెండు పూతలు వేయండి.