క్లాస్‌రూమ్ ఏ పీరియడ్‌లో వేడెక్కుతోంది? పైకప్పు సమస్యలు, పరిష్కారాలు

గది ఉడికిపోతోందని ఫ్యాన్లు పెంచేముందు రెండు ఎండ రోజులు గంటగంటకీ సీలింగ్ వేడి, గోడ వేడి కొలిచి రాసుకోండి. చేతిలో పట్టుకుని, దూరం నుంచే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చాలు. మెరిసే రేకు మీద అది తప్పు చూపిస్తుంది కాబట్టి అక్కడ కాగితం టేప్ ముక్క అతికించి, కాసేపాగి దాని మీద కొలవండి. సీలింగ్ గోడకన్నా బాగా వేడిగా ఉంటే సమస్య పైకప్పుదే. రెండూ దాదాపు సమానమైతే పైకప్పు మీద ఖర్చు పెట్టకండి. కిటికీల్లోంచి పడే ఎండ, గాలి ఆడని తీరు చూసుకోండి.

సమస్య: రెండో పీరియడ్‌కే మాడిపోతుంది, మబ్బు పడితే కాసేపట్లో తగ్గుతుంది

కారణం: రేకు పల్చన, ఎండ తగిలిన నిమిషాల్లోనే కాగుతుంది. నడినెత్తి ఎండలో ముదురు రంగు రేకు 60, 70 డిగ్రీలకు చేరగలదు. ఆ వేడి గాలితో పనిలేకుండా నేరుగా పిల్లల తలల మీద పడుతుంది. అందుకే గది గాలి వేడి 34 డిగ్రీలే చూపిస్తున్నా పిల్లలు తల వేడెక్కుతోందంటారు. అది సాకు కాదు. బెంచీ మీద కూర్చుని అరచేతిని నెత్తిమీద బోర్లా పెట్టుకోండి, చేతి వెనకవైపు ఆ సెగ తెలుస్తుంది.

పరిష్కారం: రేకు కింద ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర, వేయించండి: కనీసం 5 సెంటీమీటర్ల రాక్‌వూల్ (రాతి పీచు) లేదా గ్లాస్‌వూల్ (గాజు పీచు). మెరిసే ఫాయిల్ వాడితే దాని మెరుపు వైపు రెండు, రెండున్నర సెంటీమీటర్ల గాలి ఖాళీ ఉండాలి. మెరుపు వైపు రేకుకు అతుక్కుపోతే ఫాయిల్ వేడిని ఆపదు. థర్మోకోల్‌ను మాత్రం పిల్లల తలల మీద బయటకు కనిపించేలా ఎప్పుడూ వదలకండి, నిప్పంటుకుంటే ఆ పొగే ప్రాణాంతకం.

సమస్య: పొద్దున బాగుంటుంది, చివరి పీరియడ్లు భరించలేం, మర్నాడు తలుపు తీసినా లోపల వెచ్చగానే ఉంటుంది

కారణం: కాంక్రీటు స్లాబు. 15 సెంటీమీటర్ల స్లాబులోంచి వేడి కిందికి దిగడానికి సుమారు నాలుగు గంటలు పడుతుంది. పన్నెండింటి ఎండ నాలుగింటికి గదిలోకి వస్తుందన్నమాట.

పరిష్కారం: ఇన్సులేషన్ స్లాబు పైన వేయించండి. కింద వేస్తే గదికి కొంత ఉపశమనమే కానీ స్లాబు ఎండకు కాగుతూనే ఉంటుంది, సాగి ముడుచుకుని పగుళ్లిస్తుంది. 5 సెంటీమీటర్ల ఫోమ్ బోర్డు వేడిని ఆపే విషయంలో సుమారు రెండు మీటర్ల కాంక్రీటుకు సమానం. ముందు లీకులు మూసి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, ఆపైన బోర్డు, దానిమీద వాలు సరిచూసి ప్లాస్టరింగ్ లేదా టైల్స్. అంత డబ్బు లేకపోతే ముందు తెల్లపూత వేయించండి. మంచి తెల్లపూత కొత్తలో ఎండలో సుమారు 80 శాతాన్ని తిప్పికొడుతుంది. దుమ్ము పడితే ఆ గుణం తగ్గుతుంది, కడుగుతూ ఉండాలి.

సమస్య: ఇన్సులేషన్ వేశాక కూడా ఉక్కపోతే

ముందు అడగాల్సింది, రాత్రిళ్లు కిటికీలు మూసేస్తున్నారా అని. ఇన్సులేషన్ లోపలి వేడిని కూడా బయటకు పోనివ్వదు. కూర్చున్న ఒక్కో విద్యార్థి ఒంటినుంచి 70 వాట్ల దాకా వేడి వస్తుంది. నలభై మంది ఉంటే గదిలో చిన్న రూమ్ హీటర్లు రెండు మూడు వెలిగించినట్టే. గోడ పైభాగంలో వెంటిలేటర్లు తెరిపించండి, రాత్రి చల్లగాలి లోపలికి ఆడనివ్వండి. తర్వాత అటకెక్కి చూడండి: తడిసిన రాక్‌వూల్ పనిచేయదు, జారిపోయి ఖాళీలు పడ్డ చోట్లనుంచి వేడి దిగుతూనే ఉంటుంది.

సమస్య: వాన లేకపోయినా పొద్దున్నే నోటుపుస్తకాల మీద నీటి చుక్కలు

లీకు కాదు. గదిలోని తేమగాలి చల్లబడ్డ రేకుకు తగిలి నీరవుతోంది. ఇన్సులేషన్‌కు గదివైపున్న ఫాయిల్ అతుకులన్నీ టేప్‌తో మూయించండి. తడిసిన ముక్కలు ఆరబెట్టినా మళ్లీ వాడకండి, తీసి కొత్తవి వేయించండి.