గాలం పాఠాలు – 4: చలి విరిగాక జిలేబీ, బెండు లోతు

పోయిన పాఠంలో తంగూసుకు (నైలాన్ దారానికి) గాలం ముడేశాం. ఈసారి లోతు: జిలేబీ చేపకు (తిలాపియాకు) నీటిపై తేలే బెండు కింద ఎర ఎంత లోతున వేలాడాలో. శివరాత్రి దాటి ఎండ ముదిరే ఈ రోజుల్లో చేప పడలేదంటే, చాలామట్టుకు తప్పు ఎరది కాదు, లోతుది.

ముందు చోటు చూసుకోండి. మైలవరం జలాశయమైనా ఊరి చెరువైనా కట్ట పక్క, తూము దగ్గర లోతెక్కువ. చలికి జిలేబీ అక్కడ మందంగా పడుంటుంది. నీళ్లు 20 డిగ్రీలకు దిగితే దానికి తిండి మీద యావ ఉండదు. ముందుగా వేడెక్కేది ఏరొచ్చి కలిసే వైపు, మోకాటిలోతు నీళ్లు. పదకొండు గంటలు దాటాక పోండి, తెల్లారకముందే లేచి పోవడం ఇప్పుడు దండగ. గాలి మీ ముఖానికి కొట్టే ఒడ్డున కూచోండి: వేడెక్కిన పైనీటిని గాలి అటే తోస్తుంది. మత్స్యకారుల సంఘం గుత్తకు తీసుకున్న చెరువైతే ముందు అడగండి.

అడుగున పళ్లెమంత గుంతలు కనిపిస్తే అవి మగచేపలు తవ్వినవి. ఆడది గుడ్లు నోట్లో పెట్టుకుని తిరిగేటప్పుడు ఎర ముట్టదు. మగది గుంత కాపలా కాస్తూ దగ్గరికొచ్చినదాన్నల్లా కొరుకుతుంది. 1952లో మన దేశానికొచ్చిన ఈ ఆఫ్రికా చేప ఇన్ని చెరువుల్లో నిలదొక్కుకోవడానికి ఆ నోటి కాపుదల ఒక కారణం.

ఇక కొలత. గాలానికి బరువైన సీసం తగిలించి వేయండి. బెండు మునిగిపోతే తంగూసు చాలలేదని, బెండును పైకి జరపండి. అడ్డంగా పడుకుంటే ఎక్కువైందని, కిందికి జరపండి. కొన మాత్రం నీటిపైన నిలబడితే అదే లోతు. సీసం తీసేసి బెండును నాలుగు వేళ్లు కిందికి దించితే ఎర అడుగుకు కాస్త పైన వేలాడుతుంది.

జొన్నదంటు బెండు నానితే బరువెక్కి కొలత తప్పుతుంది. గోళ్లరంగు రెండు పూతలు పూసి ఆరనివ్వండి. గాలానికి జానెడు పైన చిన్న సీసపు గుళ్లు ఒక్కొక్కటే నొక్కుతూ, బెండు కొన గోరంత మిగిలేదాకా ముంచండి. ఎక్కువ తేలితే చేప లాగినప్పుడు బరువు తగిలి ఎర వదిలేస్తుంది.

జిలేబీ నోరు చిన్నది, 10 లేదా 12 నంబరు గాలం చాలు. ఎర్రను (వానపామును) రెండంగుళాలు గుచ్చితే తోక కొరికి పోతుంది. అంగుళం ముక్క గుచ్చి, కొన కదిలేట్టు వదలండి.

బెండు మునిగేదాకా కాచుకోవద్దు. చేప ఎరతోపాటు సీసం బరువూ ఎత్తుకుంటే బెండు పైకి లేచి వాలుతుంది, అదీ కాటే. మణికట్టుతో జానెడు ఎత్తండి చాలు. భుజంతో గుంజితే పెదవి చిరిగి గాలం ఉత్తదే వస్తుంది.

వచ్చే పాఠం: బొచ్చె చేపకు పిండిముద్ద.