కొత్త గ్రాఫిక్స్ కార్డు మొరాయిస్తే: రిటర్న్ గడువు దాటకముందే తేల్చుకోండి

కొత్త గ్రాఫిక్స్ కార్డు ఇబ్బంది పెట్టినప్పుడు మన చేతిలో ఉండే సమయం చాలా తక్కువ. ఆన్‌లైన్లో కొన్నవాటిని మార్చి ఇచ్చే గడువు చాలావరకు 7 రోజులే. దుకాణంలో కొంటే ఎన్ని రోజులన్నది ఆ దుకాణదారు మాట మీద ఉంటుంది. గడువు దాటిందంటే కార్డు సర్వీస్ సెంటర్‌కు వెళ్లాల్సిందే. అక్కడ వారాలు పట్టొచ్చు, తిరిగొచ్చేది బాగుచేసిన పీసు కావచ్చు. కాబట్టి విండోస్ మళ్లీ మళ్లీ ఎక్కించుకుంటూ వారమంతా పోగొట్టుకోకండి. లోపం కార్డుదా, కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌దా, కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌దా అన్నది రెండు రోజుల్లో తేల్చి, మూడో రోజుకల్లా ఫిర్యాదు పెట్టేయాలి.

పెట్టె విప్పేటప్పుడే మొదలుపెట్టాలి

సీలు కనిపించేలా, ఎక్కడా ఆపకుండా వీడియో తీస్తూ పెట్టె విప్పండి. పెట్టె మీద ఉన్న సీరియల్ నంబరు, కార్డు వెనక స్టిక్కరు మీద ఉన్న నంబరు, బిల్లులో రాసిన నంబరు మూడూ ఒకటేనా చూసుకోండి. కార్డును రెండు వైపులా, మదర్‌బోర్డు స్లాటులో దూరే బంగారు రంగు పళ్ల దగ్గర మరింత దగ్గరగా ఫొటోలు తీసి పెట్టుకోండి. రేపు సర్వీస్ సెంటర్‌లో "ఫిజికల్ డ్యామేజ్ ఉంది, వారంటీ వర్తించదు" అంటే చూపించడానికి ఆ ఫొటోలే దిక్కు. స్లాటు దగ్గర ఆవగింజంత కెపాసిటర్లు వరసగా ఉంటాయి. స్క్రూడ్రైవర్ జారి వాటిలో ఒక్కటి ఊడినా వారంటీ పోయినట్టే. యాంటీస్టాటిక్ కవరు, పోర్టుల మీది ప్లాస్టిక్ మూతలు, లోపలి అట్టముక్కలతో సహా ఏదీ పారేయకండి.

తెర మీద ఏమీ రాకపోతే

ముందు మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. మదర్‌బోర్డు పోర్టులో కాదు, కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు పోర్టులో పెట్టాలి. చిన్న విషయంలా ఉంటుంది కానీ చాలామంది ఇక్కడే పొరబడతారు. పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలోనూ, రైజెన్ 5600ఎక్స్ లాంటి వాటిలోనూ సొంత డిస్‌ప్లే ఉండదు. వాటితో మదర్‌బోర్డు పోర్టులో ఎన్నిసార్లు పెట్టినా తెర నల్లగానే ఉంటుంది.

అది సరిగ్గానే ఉంటే కార్డు తీసి మళ్లీ బిగించాలి. ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, క్యాబినెట్ పవర్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని, స్లాటు చివరి లాచ్ నొక్కి, కార్డును నిటారుగా బయటికి లాగండి. పళ్ల మీద వేలిముద్రల జిడ్డు ఉంటే ఐసోప్రొపిల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. మళ్లీ పెట్టేటప్పుడు లాచ్ టక్కున పడిన శబ్దం వినిపించాలి. ఆ తర్వాత మొబైల్ టార్చి వేసి పక్కనుంచి చూడండి. కార్డు అంచు స్లాటుకు సమాంతరంగా ఉండాలి, బంగారు గీత ఒకవైపు ఎక్కువగా కనిపించకూడదు. చవక క్యాబినెట్లలో వెనక రేకు కొంచెం వంగి ఉంటుంది. స్క్రూ బిగించగానే అది కార్డును ఒకవైపు లాగేస్తుంది, రెండో చివర స్లాటులోంచి లేస్తుంది. స్క్రూ వదులు చేయగానే డిస్‌ప్లే వచ్చిందంటే లోపం రేకుదే, కార్డుది కాదు. మూడు ఫ్యాన్ల బరువైన కార్డులకు కింద ఆధారం తప్పనిసరి.

తర్వాత పవర్ కేబుళ్లు. లెక్క సులువే: స్లాటు నుంచి 75 వాట్లు, 6 పిన్నుల కనెక్టర్ నుంచి 75, 8 పిన్నుల కనెక్టర్ నుంచి 150. ఎన్విడియా కంపెనీ కార్డు ఆర్‌టీఎక్స్ 3060 తినేది 170 వాట్లు, అందుకే దానికి ఒక 8 పిన్నుల కేబుల్ సరిపోతుంది. ఎక్కువ వాట్ల కార్డుకు రెండు 8 పిన్నుల సాకెట్లు ఉంటే, రెండు తలలున్న ఒకే కేబుల్ కాకుండా ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు లాగండి. ప్రాసెసర్‌కు ఇచ్చే 8 పిన్నుల కేబుల్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది గానీ అది నాలుగూ నాలుగుగా విడిపోతుంది, కార్డుది ఆరూ రెండుగా విడిపోతుంది. దూరకపోతే బలవంతంగా నొక్కకండి. పాత మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడివచ్చే రకం) ఎస్‌ఎంపీఎస్ కేబుల్‌ను వేరే కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు పెట్టడం మరీ ప్రమాదం. కార్డు వైపు కొస ఒకేలా ఉన్నా ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరస మారుతుంది, ఒక్క క్షణంలో కార్డు కాలిపోగలదు.

కొత్త కార్డుల 16 పిన్నుల కనెక్టర్‌ను ప్రత్యేకంగా చూసుకోవాలి. గరిష్ఠంగా 600 వాట్లు ఆ ఒక్కదానిలోంచే పారుతుంది కాబట్టి, సగం దూరిన కనెక్టర్‌లో పిన్ను సరిగా తాకని చోట వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. చివరిదాకా నొక్కాక కనెక్టర్ అంచుకూ సాకెట్‌కూ మధ్య గోరు కూడా దూరకూడదు. కనెక్టర్ నుంచి మూడు నాలుగు సెంటీమీటర్ల వరకు తీగను వంచకండి. కాలిన వాసన వస్తే వెంటనే ప్లగ్గు పీకేయండి, మళ్లీ ఆన్ చేసి చూద్దామనుకోవద్దు. కనెక్టర్ ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి ఫిర్యాదు చేయండి.

ఇవన్నీ చూశాక కూడా మదర్‌బోర్డు మీద గ్రాఫిక్స్ ఇబ్బందిని సూచించే వీజీఏ అన్న చిన్న లైటు వెలుగుతూనే ఉంటే, ప్లగ్గు పీకి మదర్‌బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 సెల్లు ఐదు నిమిషాలు తీసి పెట్టి బయోస్‌ను (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) రీసెట్ చేయండి. కార్డును రైజర్ కేబుల్‌తో (స్లాటుకు పొడిగింపు తీగ) నిలువుగా పెట్టి ఉంటే ముందు దాన్ని తీసేసి నేరుగా స్లాటులో పెట్టండి. పాత తరం (జెన్ 3) రైజర్‌లో కొత్త తరం (జెన్ 4) కార్డు పెట్టి తెర రాక కంగారుపడేవాళ్లు ఎందరో. పాత బోర్డు మీద సరికొత్త కార్డు పెట్టినప్పుడు బయోస్ అప్‌డేట్ కూడా అవసరపడొచ్చు. పాత కార్డు ఉంటే అది పెట్టుకుని ఆ పని ముగించండి.

తెర వస్తోంది కానీ తేడాగా ఉంటే

తెర మీద రంగు చుక్కలు, గళ్లు, నిలువు చారలు వస్తుంటే రెండు చిన్న పరీక్షలతో చాలావరకు తేలిపోతుంది. మొదటిది, కంప్యూటర్ ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్లండి. విండోస్ డ్రైవర్ అక్కడ పనిచేయదు. ఆ తెర మీద కూడా చుక్కలు కనిపిస్తే డ్రైవర్ తప్పు కానేకాదు. రెండోది, విండోస్‌లో చుక్కలు కనిపిస్తుండగా స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపుకుని చూడండి. ఫోన్లోనూ చుక్కలుంటే బొమ్మ కార్డు మెమరీలోనే చెడినట్టు. ఫోన్లో శుభ్రంగా ఉంటే కేబుల్‌నూ, మానిటర్‌నూ, కార్డు మీది పోర్టునూ ఒక్కొక్కటే మార్చి చూడాలి.

ఆట మధ్యలో కంప్యూటర్ మొత్తం ఠక్కున ఆగిపోతే ముందు ఎస్‌ఎంపీఎస్‌నే అనుమానించండి. విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 కనిపిస్తుంది, అయితే అది కరెంటు పోయినా వస్తుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మొద్దు. తెర ఒక్క క్షణం నల్లబడి, ఆట మూసుకుపోయి, డెస్క్‌టాప్ మళ్లీ వస్తే అది వేరే కథ. కార్డు 2 సెకన్లలోపు జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను తిరిగి మొదలుపెడుతుంది, లాగ్‌లో డిస్‌ప్లే 4101 అని పడుతుంది. డివైస్ మేనేజర్‌లో కోడ్ 43 అని వస్తే డ్రైవర్‌ను ఒకసారి, ఒక్కసారే, పూర్తిగా తుడిచి వేయండి. ఇంటర్నెట్ ఆపి, సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ నడిపి, ముందే దింపి ఉంచుకున్న తాజా డ్రైవర్‌ను ఎక్కించాలి. ఇంటర్నెట్ ఆపకపోతే విండోస్ మధ్యలో దూరి తన దగ్గరున్న డ్రైవర్‌ను ఎక్కించేస్తుంది. 2025 మొదట్లో ఆర్‌టీఎక్స్ 50 వరస కార్డులకు వచ్చిన బ్లాక్ స్క్రీన్ ఇబ్బందులను తగ్గించడానికి ఎన్విడియా వరసగా డ్రైవర్ అప్‌డేట్లే ఇచ్చింది. కాబట్టి తాజా డ్రైవర్ వేయకుండా కార్డును తప్పుపట్టకండి.

"అవుట్ ఆఫ్ వీడియో మెమరీ" అన్న సందేశం చూసి కార్డు వాపసు పంపేవాళ్లకు ఒక మాట. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నిటిలో వోల్టేజి లోపం వల్ల కూడా సరిగ్గా ఇదే సందేశం వచ్చింది. దాన్ని అరికట్టడానికి 2024లో ఇంటెల్ బయోస్ ద్వారా అందే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) అప్‌డేట్లు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అలాంటి ప్రాసెసర్ ఉంటే ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. ర్యామ్‌కు ఎక్స్‌ఎంపీ (వేగం పెంచే బయోస్ సెట్టింగ్) పెట్టి ఉంటే అదీ ఆపి చూడండి. ర్యామ్ తడబాటు కూడా అచ్చం కార్డు లోపంలాగే కనిపిస్తుంది.

ఫ్యాన్లు తిరగడం లేదని భయపడకండి. చాలా కార్డుల్లో దాదాపు 50-60 డిగ్రీలు దాటితేనే అవి తిరుగుతాయి. సన్నగా కీచుమనే కాయిల్ శబ్దం చికాకే గానీ, దాన్ని లోపంగా ఒప్పుకుని మార్చి ఇచ్చేవాళ్లు అరుదు.

అంకెలతో తేల్చుకోవడం

కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ తెరిచి కార్డు పేరు, మెమరీ, ఆర్‌ఓపీల (బొమ్మకు చివరి రూపమిచ్చే చిప్పులోని భాగాలు) సంఖ్య కంపెనీ చెప్పినట్టే ఉన్నాయా చూడండి. ఇది లాంఛనం కాదు. 2025 ఫిబ్రవరిలో కొన్ని ఆర్‌టీఎక్స్ 50 కార్డులు ఆర్‌ఓపీలు తగ్గి బయటికొచ్చాయని ఎన్విడియానే ఒప్పుకుంది. 5090కి 176, 5080కి 112, 5070 టీఐకి 96 ఉండాలి. ఎనిమిది తగ్గితే డ్రైవర్ మార్చినా రావు, కార్డు మార్పించుకోవాల్సిందే. పాత చిప్పు మీద కొత్త పేరు రాసి అమ్మే నకిలీ కార్డులను కూడా చాలావరకు ఈ ప్రోగ్రామే పట్టేస్తుంది.

తర్వాత ఓసీసీటీ అనే ప్రోగ్రామ్‌లో వీర్యామ్ (కార్డు మెమరీ) పరీక్ష అరగంట నడపండి. తప్పుల సంఖ్య సున్నా ఉండాలి. కార్డుకు మీరు ఓవర్‌క్లాక్ (వేగం పెంచడం), అండర్‌వోల్ట్ (వోల్టేజి తగ్గించడం) ఏదీ చేయకుండా ఉన్నప్పుడు ఒక్క తప్పు వచ్చినా అది ఫిర్యాదుకు సరిపోయే రుజువు, తెర ఫొటో తీసుకోండి. ఆపై కార్డుకు గట్టి పని పెట్టే ఫర్‌మార్క్ ప్రోగ్రామ్ 15 నిమిషాలు నడుపుతూ, పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో వేడి గమనించండి. 65 నుంచి 80 డిగ్రీలైతే మామూలే. మొదలుపెట్టిన నిమిషంలోనే 90 దాటితే కూలర్ సరిగా కూర్చోలేదని అర్థం. గది వేడి ఎంత పెరిగితే కార్డు వేడి దాదాపు అంతా పెరుగుతుందన్నది మరవకండి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో 82 వచ్చిందంటే, అదే కార్డు డిసెంబరులో 70 దగ్గర ఉంటుంది. థర్మల్ పేస్ట్ మార్చేద్దామని కొత్త కార్డు స్క్రూలు మాత్రం విప్పకండి. స్క్రూ మీద స్టిక్కరు చినిగితే సర్వీస్ సెంటర్‌తో అనవసరమైన వాదన కొనితెచ్చుకున్నట్టే.

చివరి తీర్పు మాత్రం కార్డుల మార్పిడిదే. మీ కార్డును సరిపడా ఎస్‌ఎంపీఎస్ ఉన్న మరో కంప్యూటర్‌లో, మరో మంచి కార్డును మీ కంప్యూటర్‌లో పెట్టి చూడండి. రెండో కంప్యూటర్‌లోనూ మీ కార్డు అదే లోపం చూపించి, మీ కంప్యూటర్‌లో వేరే కార్డు శుభ్రంగా నడిస్తే ఇక అనుమానం లేదు. కంప్యూటర్ దుకాణాలుండే సికింద్రాబాద్ సీటీసీలోనో మీ ఊళ్లోని దుకాణంలోనో కొన్నదైతే, కార్డొక్కటే కాకుండా క్యాబినెట్ మొత్తం పట్టుకెళ్లి మీ ఎదుటే పరీక్షించమనండి.

ఫిర్యాదు ఎలా రాయాలి

"కార్డు పనిచేయడం లేదు" అని రాస్తే, డ్రైవర్ మార్చి చూడండన్న జవాబుతో రెండు రోజులు పోతాయి. ఇలా రాయండి: "ఫలానా తేదీన అందింది, సీరియల్ నంబరు ఇది. బయోస్ తెర మీద కూడా చారలు వస్తున్నాయి. డ్రైవర్ తుడిచి వేశాను. వీర్యామ్ పరీక్షలో తప్పులు వచ్చాయి. మరో కంప్యూటర్‌లోనూ ఇదే లోపం. ఫొటోలు, వీడియో జతచేశాను. మార్చి ఇవ్వండి." కారణం అడిగిన చోట 'లోపం ఉంది' అన్నదే ఎంచుకోండి. గడువులోపల సర్వీస్ సెంటర్‌కు వెళ్లమంటే, కొన్న రోజు ఉన్న రిటర్న్ నిబంధన తెర ఫొటో చూపించి, జవాబు రాతపూర్వకంగా అడగండి. ఫోన్ సంభాషణ రుజువుగా మిగలదు.

పంపేటప్పుడు కార్డును ముందు యాంటీస్టాటిక్ కవరులో, ఆ తర్వాతే బబుల్ రేపరులో చుట్టండి. మామూలు ప్లాస్టిక్ నేరుగా తగిలితే స్టాటిక్ పుడుతుంది. పెట్టె చుట్టూ అయిదు సెంటీమీటర్ల మెత్తదనం ఉండేలా మరో పెట్టెలో పెట్టండి. సర్వీస్ సెంటర్‌లో ఇస్తే రసీదు మీద సీరియల్ నంబరూ, "ఫిజికల్ డ్యామేజ్ లేదు" అన్న మాటా రాయించుకున్నాకే కౌంటరు వదలండి.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో కార్డు తెప్పించుకునేవాళ్లు కొనకముందే కంపెనీ సైట్‌లో ఆ మోడల్ వారంటీ భారత్‌లో చెల్లుతుందో లేదో చూసుకోవాలి. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం. చెల్లకపోతే కార్డు మళ్లీ సముద్రం దాటాల్సిందే.

అమ్మినవాళ్లు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోబోమని చెప్పడానికి అమ్మకందారుకు వీల్లేదు. అప్పటికీ తేలకపోతే 2019 చట్టం కింద మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. వివాదం తలెత్తినప్పటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది, కొన్న ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

మార్చి ఇచ్చిన కార్డు వచ్చాక కూడా వీడియో తీస్తూనే విప్పండి. కొత్త సీరియల్ నంబరుతో బిల్లో, వారంటీ పత్రమో తప్పకుండా తీసుకోండి. పాత నంబరుతోనే బిల్లు మిగిలిపోతే రెండేళ్ల తర్వాత అది మీ కార్డేనని నిరూపించుకోవడం కష్టం. వచ్చిన రోజు సాయంత్రమే వీర్యామ్ పరీక్ష మళ్లీ పెట్టండి.