వర్డ్‌లో తెలుగు మొరాయిస్తుంటే

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో తెలుగు ఫైల్ తేడా చేస్తే చాలామంది ముందు ఫాంట్ మారుస్తారు. అప్పటికీ దారికి రాకపోతే వర్డ్‌నే తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. అంత దూరం వెళ్లే ముందు ఒకసారి కంట్రోల్+షిఫ్ట్+8 నొక్కి చూడండి. స్పేస్‌లు చుక్కలుగా, ఎంటర్లు పేరా గుర్తులుగా బయటపడతాయి. పేజీ ఎందుకు అలా ఉందో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. మళ్లీ అదే నొక్కితే గుర్తులు పోతాయి.

ఫైల్ తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు

పాత డీటీపీ సెంటర్లో కొట్టించిన పెళ్లి కార్డు, దస్తావేజు, సావనీర్ వ్యాసం తెరిచినప్పుడు ఎక్కువగా ఇలా అవుతుంది. అను లాంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు లేవు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన చోట్లలోనే తెలుగు బొమ్మలు పెట్టారు. ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్‌లో తెలుగు కనిపిస్తుంది. లేకపోతే అసలు సంకేతాలే బయటికొస్తాయి.

గుర్తుల మధ్య కర్సర్ పెట్టి హోమ్ ట్యాబ్‌లో ఫాంట్ పేరు చూడండి. ఫాంట్ మీ దగ్గర లేకపోయినా పేరు అక్కడ ఉంటుంది. ఆ ఫాంట్ సంపాదించి వేసుకుంటే చదువుకోవడానికి సరిపోతుంది. మార్పులు చేయాలన్నా, వాట్సాప్‌లో పంపాలన్నా కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న పద్ధతిలోకి, మార్చక తప్పదు. గౌతమి లాంటి యూనికోడ్ ఫాంట్ పెట్టినంత మాత్రాన లాభం లేదు. మార్చాక పేర్లు, సర్వే నంబర్లు, రూపాయల అంకెలు అసలు కాగితంతో సరిచూడండి. మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలు కూడా తెలుగనుకుని తారుమారయ్యే అవకాశం ఉంది. దస్తావేజైతే ఈ పని ఇంకొకరికి అప్పజెప్పకండి.

స్టైల్‌లో ఫాంట్, సైజు మార్చినా తెలుగు మారట్లేదు

తెలుగు, హిందీ లాంటి లిపులను వర్డ్ కాంప్లెక్స్ స్క్రిప్ట్ అంటుంది. వాటికి ఫాంటూ సైజూ విడిగా దాచుకుంటుంది. మీరు మార్చింది ఇంగ్లిష్ వాటా మాత్రమే. కంట్రోల్+డి నొక్కితే వచ్చే పెట్టెలో కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ అని వేరే భాగం ఉంటుంది, అక్కడ మార్చండి. స్టైల్ మార్చేటప్పుడైతే ఫార్మాట్, ఫాంట్ నొక్కితే ఇదే పెట్టె వస్తుంది. ఆ భాగమే కనిపించకపోతే ఫైల్, ఆప్షన్స్, లాంగ్వేజ్‌లో తెలుగును చేర్చి వర్డ్ మూసి తెరవండి.

ఒత్తులు కింద తెగిపోతున్నాయి

లైన్ స్పేసింగ్‌లో ఎగ్జాక్ట్‌లీ పెట్టి తక్కువ అంకె ఇచ్చారన్నమాట. ఇంగ్లిష్‌కు సరిపోయే ఎత్తు తెలుగుకు చాలదు, పైన గుడి, కింద ఒత్తు రెండూ పట్టాలి కదా. 12 సైజు అక్షరాలకు 20 పాయింట్లతో మొదలుపెట్టి, ఫాంట్‌ను బట్టి పెంచుకోండి. దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది: ఇంగ్లిష్ మాట ఉన్న చోట లైన్ల మధ్య దూరం ఎగుడుదిగుడవుతుంది. దానికీ ఎగ్జాక్ట్‌లీయే మందు, కాకపోతే అంకె ధారాళంగా ఇవ్వాలి.

పొల్లు నిలబడకుండా ఒత్తయిపోతోంది

సాఫ్ట్‌వేర్ అని కొడితే సాఫ్ట్వేర్ అని పడుతుంది. పొల్లు తర్వాత హల్లు వస్తే కలిసిపోవడం లిపి నియమం. ఆపాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పెట్టాలి. పొల్లు వరకు కొట్టి, తర్వాతి హల్లు కొట్టకముందే కీబోర్డును ఇంగ్లిష్‌కు మార్చి (విండోస్+స్పేస్), 200 కొట్టి దాని పక్కనే ఇంగ్లిష్ సి కొట్టి, ఆల్ట్+ఎక్స్ నొక్కండి. అంకెలు మాయమై పొల్లు నిలబడుతుంది.

కంట్రోల్+ఎఫ్‌తో వెతికితే కళ్లెదుట ఉన్న మాట దొరకకపోవడానికి కూడా ఈ అక్షరమే కారణం కావచ్చు. ఒక చోట అది ఉంటుంది, మరో చోట ఉండదు. పూర్తి మాట కాకుండా పొల్లు ముందు భాగం వరకే ఇచ్చి వెతకండి.

చిన్నాచితకా

గుణింతం ఒక్కటే తప్పయితే అక్షరమంతా చెరపక్కర్లేదు. దాని తర్వాత కర్సర్ పెట్టి ఒక్క బ్యాక్‌స్పేస్ కొడితే గుణింతం మాత్రమే పోతుంది. డిలీట్ అయితే అక్షరాన్ని మొత్తంగా మింగేస్తుంది.

బ్రాకెట్లో ఇంగ్లిష్ సి కొడితే కాపీరైట్ గుర్తు అయిపోతోందా? వెంటనే కంట్రోల్+జెడ్ నొక్కండి. మీరు కొట్టింది ఉంటుంది, వర్డ్ చేసిన సవరణ ఒక్కటే వెనక్కి పోతుంది. అడగకుండా వచ్చిపడే 1, 2 నంబర్లకూ ఇదే చిట్కా.

నెట్ నుంచి తెచ్చి అతికించిన ముక్క రంగులతో, వేరే ఫాంట్‌తో వస్తే, పేస్ట్ చేసిన వెంటనే కంట్రోల్ ఒకసారి నొక్కి వదిలి టి కొట్టండి. ఉత్త టెక్స్ట్ మిగులుతుంది.

చివర ఖాళీ పేజీ పోవట్లేదు

పేజీ చివర టేబుల్ ఉంటే దాని తర్వాత ఒక పేరా తప్పనిసరిగా ఉంటుంది, చెరిపినా పోదు. ఆ పేరా గుర్తును సెలెక్ట్ చేసి ఫాంట్ సైజు 1 చేయండి. అప్పటికీ పోకపోతే ఆ పేరా లైన్ స్పేసింగ్‌ను కూడా ఎగ్జాక్ట్‌లీ 1 పాయింట్ చేయండి.

ఇంట్లో బాగుంది, నెట్ సెంటర్లో చెదిరిపోయింది

విండోస్ 10 నుంచి గౌతమి, వాణి ఫాంట్లు విడిగా ఎక్కించుకోవాల్సిన వాటిలోకి వెళ్లాయి. అక్కడి సిస్టమ్‌లో మీ ఫాంట్ లేకపోతే వర్డ్ వేరేది పెట్టేస్తుంది, దాంతో లైన్లూ పేజీలూ జరిగిపోతాయి. ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లో ఫాంట్‌ను ఫైల్లోనే పొదిగే ఎంబెడ్ సదుపాయం ఉంది, కానీ కొన్ని ఫాంట్లు దానికి ఒప్పుకోవు. ప్రింటుకే అయితే పీడీఎఫ్ చేసుకుని వెళ్లండి. అక్కడికక్కడ దిద్దాల్సి రావచ్చు అనుకుంటే వర్డ్ ఫైల్ కూడా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.