విదేశాల్లో అక్కడి టిఫిన్‌నే రుచిగా తినడం ఎలా?

విశాఖ నుంచి విదేశాలకు వెళ్లేవాళ్లలో చాలామంది సూట్‌కేసులో ఉప్మా ప్యాకెట్లు సర్దుకుంటారు. వెళ్లాక హోటల్ బఫేలో బ్రెడ్డు, కార్న్‌ఫ్లేక్స్ తిని వచ్చేస్తారు. మన ఊరొచ్చిన చుట్టం పెసరట్టు ఉప్మా తినకుండానే వెళ్లిపోతే ఎంత వెలితో, ఇదీ అంతే. శాకాహారులైనా, షుగర్ ఉన్నవాళ్లైనా నాలుగు విషయాలు తెలుసుకుంటే ధైర్యంగా తినొచ్చు. విశాఖ నుంచి నేరుగా వెళ్లగలిగిన ఊరు కాబట్టి ఎక్కువగా సింగపూర్ సంగతే చెబుతున్నాం.

1. బ్రేక్‌ఫాస్ట్ లేని గది తీసుకోండి
డబ్బు కట్టేశామంటే కాళ్లు బఫే వైపే వెళ్తాయి. పెద్దవాళ్లు వెంట ఉంటే మొదటి రోజుకు మాత్రం బ్రేక్‌ఫాస్ట్ హోటల్లోనే పెట్టుకోండి.

2. కడుపు గడియారం మార్చండి
సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ 8 గంటలకు టిఫిన్ తినే అలవాటుంటే అక్కడ ఆకలేసేసరికి పదిన్నర అవుతుంది. పొద్దుటి తిండి అమ్మే స్టాళ్లు కొన్ని అప్పటికే సర్దేస్తుంటాయి. మన వీధి చివరి ఇడ్లీ బండి మాత్రం అంతసేపు ఉంటుందా? ఆకలి లేకపోయినా 7:30కల్లా బయటపడి, ఒక కాఫీ తాగి అరగంట నడవండి. ఆకలి దానంతటదే వస్తుంది.

3. హాకర్ సెంటర్‌కే వెళ్లండి
ఒకే కప్పు కింద పదుల కొద్దీ చిన్న స్టాళ్లుండే చోటు ఇది. సింగపూర్ హాకర్ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే ఎవరో మరిచిపోయారనుకోకండి. ఆ చోటు ఎవరో పట్టుకున్నారని అర్థం. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి దాని చోట పెట్టాలి. అలా పెట్టకపోతే 2021 నుంచి జరిమానా కూడా ఉంది. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి, అన్ని స్టాళ్లూ కార్డు తీసుకోవు.

4. కాఫీ అడగడం నేర్చుకోండి
అక్కడ కాఫీని ‘కొపి’ అంటారు. గింజలను చక్కెర, మార్జరిన్ వేసి వేయిస్తారు, పొడవాటి గుడ్డ సంచిలో వడకడతారు. ఉత్తి ‘కొపి’ అంటే కండెన్స్‌డ్ మిల్క్ పోస్తారు, బాగా తీపి. ‘కొపి ఓ’ అంటే పాలుండవు, చక్కెర ఉంటుంది. ‘కొపి సీ’లో తీపి కలపని చిక్కటి పాలు పోసి చక్కెర విడిగా వేస్తారు. చివర ‘కొసొంగ్’ అని చేర్చితే చక్కెర వేయరు. కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు ‘కొపి సీ కొసొంగ్’ అనాలి. మన ఫిల్టర్ కాఫీ అలవాటున్న నాలుకకు దగ్గరగా ఉండేదీ అదే.

5. కాయా టోస్ట్ తినే పద్ధతి
కాయా అంటే కొబ్బరి పాలు, గుడ్లు, చక్కెర, పాండన్ ఆకుతో చేసే చిక్కటి జామ్. గుడ్డు తినని వాళ్లు చాలామంది ‘జామే కదా’ అని ఇక్కడే పొరబడతారు. కరకరలాడే రెండు బ్రెడ్డు ముక్కల మధ్య కాయా, చల్లటి వెన్న బిళ్ల పెట్టి ఇస్తారు. వెన్న కరిగిపోకముందే తినాలి.

పక్కన సగం ఉడికిన గుడ్లు రెండు వస్తాయి. చెంచాతో పెంకు కొట్టి సాసర్‌లోకి వంచండి. నల్ల సోయా సాస్ నాలుగైదు చుక్కలు, చిటికెడు తెల్ల మిరియాల పొడి వేసి కలపండి. టోస్ట్ అంచు అందులో ముంచి తినండి. సాస్ ధార కడితే ఉప్పు కషాయమే. చల్లారనిస్తే నీచు వాసన కొడుతుంది. సగం ఉడికిన గుడ్డు పడనివాళ్లు బలవంతంగా తినక్కర్లేదు, టోస్ట్ ఒక్కటే అడగొచ్చు.

6. కంటికి కనబడనివి కనుక్కోండి
అసలు తిప్పలన్నీ ఇక్కడే. చూడ్డానికి కూరగాయే, లోపల చేప.

నాసి లెమాక్ కొబ్బరి పాలతో వండిన అన్నం. పక్కనుండే ఎర్రటి సంబల్‌లో (మిరపకాయల పచ్చడి) సాధారణంగా రొయ్యల ముద్ద కలుస్తుంది, పైన వేయించిన చిన్న చేపలు చల్లుతారు. రోటీ ప్రాటాకు (మన పరోటాలాంటిదే) చేపల పులుసు పోసేయొచ్చు, ‘దాల్’ అని ముందే చెప్పండి. ‘ప్రాటా కొసొంగ్’ అంటే ఏమీ కలపని సాదా ప్రాటా. పంది మాంసం తినని వాళ్లకు ‘హలాల్’ బోర్డు పెద్ద భరోసా, అక్కడ పంది కొవ్వు కూడా వాడరు.

శ్రీలంకలో అప్పాలతో (మన తీపి అప్పాలు కావు, గిన్నె ఆకారపు అట్లు) ఇచ్చే పోల్ సంబోల్ అచ్చం మన కొబ్బరి పచ్చడిలా ఉంటుంది. అందులో తరచూ ఎండు చేప పొడి కలుపుతారు. వియత్నాంలో ‘ఫో’ అనే నూడుల్స్ సూప్‌కు మూలం ఎముకలే, పైన కూరగాయలు మాత్రమే వేయమన్నా అది శాకాహారం కాదు. థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ గుర్తున్న దుకాణం చూడండి. అక్కడ మాంసం, గుడ్డు, పాలే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. కార్తీకమాసంలో వెళ్లేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

7. ఇద్దరికి ఒక ప్లేటు
కొత్త వంటకం ఒకటే తెప్పించుకుని పంచుకోండి. నచ్చితే ఇంకోటి. మొదటి రెండు రోజులు మీ కళ్లముందు పొగలు కక్కుతూ వచ్చేవే తినండి, కోసి ఉంచిన పండ్లు వద్దు. రెండు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు సంచిలో ఉండాలి.

కందిపొడి డబ్బా తీసుకెళ్లడంలో తప్పేం లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్తుంటే మాత్రం వెంట ఉన్న తినే వస్తువు ప్రతిదీ దిగేటప్పుడు ప్రకటించాలి. దాచితే జరిమానా పడుతుంది.