క్రైస్తవ రేడియో స్టేషన్ నెట్‌వర్క్ చేతికి వెళుతున్నప్పుడు ఉద్యోగులు ముందుగా చూసుకోవలసినవి

అమెరికాలో తాము పనిచేస్తున్న క్రైస్తవ రేడియో స్టేషన్ అమ్ముడుపోతోందని తెలిసిన ఉద్యోగి అన్నిటికంటే ముందు ఆరా తీయవలసింది కొనేవారు ఎవరు, వారు కొంటున్నది ఏమిటి అన్నది. పెద్ద నెట్‌వర్కులకు సాధారణంగా కావలసింది లైసెన్సు, ఫ్రీక్వెన్సీ, ట్రాన్స్‌మిటర్ మాత్రమే. స్టూడియోతో గానీ అందులో కూర్చునే మనుషులతో గానీ వాటికి పెద్దగా పని ఉండదు. 1982లో కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో మొదలైన వాణిజ్యేతర క్రైస్తవ నెట్‌వర్క్ ఎడ్యుకేషనల్ మీడియా ఫౌండేషన్ ఇప్పుడు కె-లవ్, ఎయిర్‌వన్ పేర్లతో దేశమంతటా ఒకే చోట తయారైన కార్యక్రమాలను వినిపిస్తున్నది. 2019లో న్యూయార్క్‌లోని డబ్ల్యూపీఎల్‌జే వంటి పేరున్న స్టేషన్‌ను కూడా అది కొని కె-లవ్‌గా మార్చింది.

ఈ విస్తరణకు నిబంధనలు కూడా తోడ్పడ్డాయి. ఒక సంస్థకు దేశం మొత్తం మీద ఎన్ని రేడియో స్టేషన్లు ఉండవచ్చునన్న పరిమితిని 1996 నాటి టెలికమ్యూనికేషన్స్ చట్టం ఎత్తివేసింది. ఒకే ఊరిలో ఎన్ని ఉండవచ్చునన్న పరిమితి ఇప్పటికీ ఉన్నా, అది వాణిజ్యేతర స్టేషన్లకు, అంటే ప్రకటనలు లేకుండా నడిచేవాటికి, వర్తించదు. ప్రతి స్టేషన్‌కు స్థానికంగా ప్రధాన స్టూడియో ఉండాలన్న నియమాన్ని ప్రసార లైసెన్సులిచ్చే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, అంటే ఎఫ్‌సీసీ, 2017లో రద్దు చేసింది. ఆ తరువాత ఒక ఊరి స్టేషన్ అంటే టవరు కింద తాళం వేసిన చిన్న గది, అందులో ట్రాన్స్‌మిటర్, బయట శాటిలైట్ డిష్, పిలిచినప్పుడు వచ్చే కాంట్రాక్టు ఇంజనీరు అన్న స్థితికి చేరడానికి చట్టపరమైన అడ్డంకి లేకుండా పోయింది.

కనుక ముందుగా మీ పని ఏ రకానికి చెందినదో నిర్మొహమాటంగా తేల్చుకోండి. ఉదయపు కార్యక్రమ అనౌన్సరు, ప్రోగ్రాం డైరెక్టరు, ఏది ఎప్పుడు ప్రసారం కావాలో చూపే జాబితా (లాగ్) తయారుచేసే ట్రాఫిక్ ఉద్యోగి, ప్రొడక్షన్ చూసేవారు చేసే పనులన్నీ ప్రధాన కార్యాలయంలో ఇప్పటికే ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. వాణిజ్య స్టేషన్‌ను వాణిజ్యేతర నెట్‌వర్క్ కొంటే ప్రకటనలు అమ్మే విభాగానికి అసలు పనే మిగలదు, ఎందుకంటే అటువంటి స్టేషన్ ప్రకటనలు ప్రసారం చేయకూడదు. దాని రాబడి శ్రోతల విరాళాల నుంచి వస్తుంది, ఆ విరాళాలు కూడా నేరుగా ప్రధాన కార్యాలయానికే చేరతాయి. ఇంజనీరింగ్ తెలిసినవారికి మాత్రం కొంత భరోసా ఉంది, టవరును ఎక్కడికీ తీసుకుపోలేరు కదా.

లైసెన్సు బదిలీకి ఎఫ్‌సీసీ ఆమోదం వచ్చేవరకు ఉద్యోగానికి ఢోకా లేదని ధీమాగా ఉండవద్దు. సేలం మీడియా అనే ప్రసార సంస్థ తన ఏడు క్రైస్తవ సంగీత స్టేషన్లను 8 కోట్ల డాలర్లకు ఎడ్యుకేషనల్ మీడియా ఫౌండేషన్‌కు అమ్ముతున్నట్లు 2024 డిసెంబరు చివరిలో ప్రకటించింది. 2025 ఫిబ్రవరి మొదటికల్లా ఆ ఫ్రీక్వెన్సీలపై కె-లవ్ వినిపించింది. లైసెన్సు బదిలీ పూర్తికాకముందే ప్రసార సమయాన్ని కొనుగోలుదారుకు అప్పగించే ఒప్పందాలు చట్టబద్ధమైనవే. అమ్మకం ఒప్పందం ప్రతి బదిలీ దరఖాస్తుతో పాటు ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. అందులో ఉద్యోగుల గురించిన క్లాజును, అమ్మకం నుంచి మినహాయించిన ఆస్తుల జాబితాను తప్పక చదవండి. స్టూడియో లీజు ఆ జాబితాలో కనిపిస్తే సంగతి అర్థమైనట్లే. దరఖాస్తుపై అభ్యంతరం చెప్పడానికి ముప్పై రోజుల గడువు ఉంటుంది గానీ, కార్యక్రమాల తీరు మారుతుందన్న వాదన అక్కడ నిలవదు. ఆ విషయాన్ని మార్కెట్‌కే వదిలివేయాలన్న ఎఫ్‌సీసీ విధానాన్ని సుప్రీంకోర్టు 1981లోనే సమర్థించింది.

ఉద్యోగం పోయిన తరువాత చేతికి వచ్చే డబ్బు విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. సామూహిక తొలగింపుకు అరవై రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్న ఫెడరల్ చట్టం సాధారణంగా ఒకే పనిచోట కనీసం 50 మంది ఉద్యోగాలు పోయినప్పుడే వర్తిస్తుంది; ఒక రేడియో స్టేషన్‌లో అంతమంది ఉండడం అరుదు. చర్చి ఆధ్వర్యంలో, ప్రధానంగా మతపరమైన ప్రయోజనాలకు నడిచే సంస్థలను నిరుద్యోగ బీమా నుంచి మినహాయించే వెసులుబాటు రాష్ట్రాలకు ఉంది. ఆ బీమా కోసం కట్టే పన్నును చాలా రాష్ట్రాలలో యజమానే చెల్లిస్తారు కనుక బీమా ఉన్నదీ లేనిదీ జీతం స్లిప్పు చూస్తే తెలియదు; రాష్ట్ర కార్మిక శాఖను ముందే అడిగి తెలుసుకోవాలి. ఆరోగ్య బీమాను సొంత ఖర్చుతో కొనసాగించుకునే కోబ్రా హక్కు కూడా చర్చి ప్లాన్లకు, ఇరవై మంది కంటే తక్కువ ఉద్యోగులున్న సంస్థలకు వర్తించదు. అటువంటప్పుడు, బీమా పోయిన నాటి నుంచి అరవై రోజులలోగా ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో కొత్త ప్లాన్ తీసుకోవచ్చు.

తొలగింపు పరిహారం పత్రం మీద సంతకం చేసే ముందు, పోటీ స్టేషన్‌లో కొంతకాలం పనిచేయకూడదన్న షరతు అందులో ఉందేమో చూడండి. ఇలినాయ్, న్యూయార్క్ వంటి రాష్ట్రాలు ప్రసార ఉద్యోగుల విషయంలో ఈ షరతును ప్రత్యేక చట్టాలతో కట్టడి చేశాయి. కాలిఫోర్నియాలో దాదాపు ఏ వృత్తిలోనూ అది చెల్లదు. మీ కార్యక్రమాల రికార్డింగులపై హక్కు స్టేషన్‌దే అయినా, కొత్త ఉద్యోగానికి నమూనాగా పంపుకోవడానికి అనుమతి ఇస్తున్నట్లు ఒక్క వాక్యం ఆ పత్రంలోనే రాయించుకోండి, ఎందుకంటే స్టూడియో ఖాళీ చేసిన తరువాత ఆ అనుమతి ఎవరిని అడగాలో కూడా తెలియదు.